బతికున్నవాళ్లకు ఆఖరి స్నానం

జూన్ 4

ఒసేయ్ పిట్టా,

నువ్వు పంపిన పెట్టె అందింది. అందకపోతేనే బాగుండేది.

ముందు క్షేమసమాచారం రాయాలి కదా అంటున్నారు మాస్టారు. నేను క్షేమంగానే ఉన్నాను, అందుకే తిట్టే ఓపిక ఉంది. ఈ ఉత్తరం రాస్తున్నది మన కిందవాటాలో కొత్తగా అద్దెకు దిగిన లెక్కల మాస్టారు. నాకు అక్షరం ముక్క రాదని నీకు తెలుసుగా. ఆయన చదువంతా నా నోటి వెనకాల పరిగెత్తడానికే సరిపోతోంది పాపం.

పెట్టెలో ఒక సబ్బు, ఏదో గులాబీరంగు ఉప్పు, కాళ్ల పగుళ్లకు రాసుకునే లేపనం ఉన్నాయి. నా మడమలు నీకు గుర్తున్నందుకు సంతోషమే. మూత తీసి చూశాను, వాసన కూడా బాగానే ఉంది. మూత మీద బంగారు అక్షరాలు మెరుస్తుంటే చదవమని మాస్టారి చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని నీళ్లు నమిలారు. "హోలీ" అని రాశారట. అంటే ఏమిటండీ అన్నాను. "పవిత్రమైనదీ, దేవుడికి చెందినదీ అని అర్థమండీ" అన్నారు. ఏది పవిత్రమండీ? "లేపనమండీ." దేనికి రాసుకునే లేపనం? "పాదాలకండీ." ఎవరి పాదాలకి? "మీ పాదాలకేనండీ."

తల కొట్టేసినట్టయింది నాకు. సబ్బు మీద "డివైన్" అని ఉందట. అంటే దేవుడంతటిదట. దాంతో నేను రేపు చంకలు రుద్దుకోవాలా? ఉప్పు మీద "సేక్రెడ్". వేణ్ణీళ్లలో వేసుకుని కాళ్లు ముంచుకోవాలట.

ఆ మాటలు ఎప్పుడు అనాలో ఈ ఇంట్లో పెరిగినదానివి, నీకు తెలియదా? నేనూ ఎదురింటి దర్జీ ఆవిడా కలిసి, పోయిన ఆడవాళ్లకు నీళ్లు పోయడానికి తలుపు మూసుకుంటామే, ఆ గదిలో ఉంటుంది ఆ మాట. అక్కడ కూడా పైకి అనం. అనడానికి నోరు రాదు. ఇన్నేళ్లుగా ఆ పని చేస్తున్నదాన్ని నేనే ఆ మాటని లోపల దాచుకుంటే, మీ ఊళ్లో ఎవరో దాన్ని మడమల మీద పులుముతున్నారు.

ఆ మాటలు రాసినవాడెవడో కనుక్కుని వాడి నోరు ఆ సబ్బుతోనే కడిగించు. (ఇక్కడ మీ అమ్మమ్మగారు ఇంకో వాక్యం కూడా చెప్పారు. దాన్ని నేను రాయలేదు. — మాస్టారు)

డబ్బా ఇంట్లో ఉంచుకోలేను, చెత్తలో పారేయలేను. దేవుడి మాట ఉంది కదా దానిమీద! గూట్లో బోర్లించి పెట్టాను.

నీమీద కోపం లేదు, నీకేం తెలుసు పాపం.

మీ అమ్మమ్మ


జూన్ 15

అమ్మమ్మా,

ఆ మాటలు రాసింది నేనే.

నోరు ఇంకా కడుక్కోలేదు. ముందు నామాట విను. నా ఉద్యోగమే అది. మా మేడమ్‌కి ఇక్కడ పెద్ద వీధిలో ఒక స్నానశాల ఉంది. పైన సబ్బులూ నూనెలూ అమ్మే కొట్టు, కింద మసక వెలుతురు దీపాలు పెట్టిన స్నానాల గదులు. ఉద్యోగాలు చేసి అలిసిపోయిన ఆడవాళ్లు వచ్చి, ఒళ్లు రుద్దించుకుని, నీళ్లు పోయించుకుని వెళ్తారు. ప్రతి సబ్బుకీ ప్రతి స్నానానికీ ఇంగ్లీషులో ఒక పేరు పెట్టి, రెండు వాక్యాలు రాయడం నా పని.

నువ్వనుకునే బరువు ఆ మాటలకు ఇక్కడ లేదమ్మమ్మా. కాఫీ బాగుంటే డివైన్ అంటారు. ఆదివారం మధ్యాహ్నం నిద్రని సేక్రెడ్ అంటారు, అంటే అప్పుడు ఫోన్ చేయకూడదని అర్థం. పొద్దున మొహానికి మూడు రకాల క్రీములు రాసుకుంటే అది రిచువల్. చెప్పుల కొట్టుని టెంపుల్ అని పిలిచినా ఎవరూ తల తిప్పి చూడరు. బస్సు తప్పిపోతే హోలీ అని మొదలుపెట్టి వెనకాల ఒక బూతు తగిలిస్తారు. అనేవాళ్లకీ వినేవాళ్లకీ దేవుడు గుర్తే రాడు. నువ్వు మాత్రం? గ్యాస్ అయిపోతే "దేవుడా" అంటావు. మామిడిపండు తియ్యగా ఉంటే అమృతం అంటావు. అదీ ఇదీ ఒకటే కాదా?

సరే, తిట్లు తర్వాత. నాకొక కోరిక ఉంది. నువ్వూ దర్జీ అత్తా పోయినవాళ్లకు స్నానం ఎలా చేయిస్తారో మొదటినుంచి చివరిదాకా వరసగా రాయించి పంపుతావా? చిన్నప్పుడు ఎవరింటికైనా నీతో వస్తే నన్ను గది బయట కూర్చోబెట్టేదానివి. లోపల్నుంచి నీళ్ల చప్పుడూ, మధ్యమధ్యలో నీ గొంతూ వినబడేవి. ఆ గొంతు ఇంట్లో నువ్వు మాట్లాడే గొంతులా ఉండేది కాదు. అంత మెత్తగా నువ్వు నాతో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. లోపల ఏం జరిగేదో తెలుసుకోవాలని అప్పటినుంచీ ఉంది.

ఎందుకో తర్వాత చెప్తాను. నువ్వు సంతోషిస్తావు.

నీ పిట్ట

తా.క. మాస్టారికి నమస్కారాలు. రాయని వాక్యం ఏమిటో నేను ఊహించగలను.


జూన్ 24

బంగారుతల్లీ,

నీ ఉత్తరం మాస్టారి చేత మళ్లీ మళ్లీ చదివించుకున్నాను. నీ సబ్బుల సంగతి, చెప్పుల కొట్టు సంగతి పక్కన పెట్టాను. ఇంకెప్పుడైనా తిడతాను. నువ్వు అడిగిన సంగతి వినగానే దర్జీ ఆవిడ కుట్టుమిషను ఆపేసి లేచొచ్చింది. "నీ పని అందుకోవడానికి నీ మనవరాలు వస్తోందే!" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి. వాళ్లాయన పోయినప్పుడు కూడా కళ్లు తుడుచుకున్న మనిషి కాదు.

నీకు చెప్పలేదుగానీ, ఇది మా ఇద్దరికీ పెద్ద బెంగ. నా మోకాళ్లు వంగనంటున్నాయి. ఆవిడకు సూదిలో దారం ఎక్కడం లేదు. మన ఊరి మందిరంలో ఎంతమందిని అడిగామో! ఆడపిల్లలందరూ మొహం చిట్లించి, చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఎవరైనా పోతే ఆస్పత్రివాళ్లు పైపుతో కడిగేస్తారటగా అంది ఒకతి. బండి కడిగినట్టు! నువ్వు గది బయట కూర్చుని చెవులు రిక్కించేదానివని నాకప్పుడే తెలుసు. పిల్లకి వయసు రావాలి కదా అని ఊరుకున్నాను.

ఇది మగవాళ్లు వినేది కాదు. కానీ రాసే దిక్కు ఆయనొక్కరే. దర్జీ ఆవిడ బాగా ఆలోచించి, మాస్టారు లెక్కల మనిషి కాబట్టి మగవాళ్ల లెక్కలోకి రారు అని తేల్చింది. ఆయనేమీ అనుకోలేదు. (కొంచెం అనుకున్నాను. — మాస్టారు)

విను. ముందు కిటికీలు మూస్తాం. మన కొంగు మన నడుముకు బిగిస్తాం. ఆవిడ జుట్టు ముడి విప్పుతాం. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, పసిపిల్లకు పోసినట్టు. "పోయినవాళ్లకు వేడేం తెలుస్తుంది" అనేదాన్ని ఆ గదిలోకి రానివ్వకు. మొదటి చెంబు ముంచేముందు ఆవిడ చెవి దగ్గరకు వంగి పేరుపెట్టి పిలవాలి. పిలిచి, చెయ్యబోయే పని చెప్పాలి. "అమ్మా, కుడిభుజం మీద నీళ్లు పోస్తున్నాను, ఉలిక్కిపడకు" అనాలి. ప్రతిసారీ చెప్పే ముట్టుకోవాలి. మా అత్తగారు నాకు నేర్పిన మొదటి సంగతి అదే. ఆవిడకి కాదనే నోరు లేదు కదా, అందుకని మనమే అడిగి ముట్టుకోవాలి. మిగతా ఏ మాటా ఆ గదిలో ఉండకూడదు.

కుడిభుజంతో మొదలుపెట్టి కాళ్లదాకా వచ్చి, తర్వాత ఎడమవైపు. మొహం మీద మాత్రం నీళ్లు పోయం, తడిగుడ్డతో అద్దుతాం. ఆఖర్న అరికాళ్లకు నూనె రాస్తాం. దర్జీ ఆవిడ కత్తిరించిన తెల్లగుడ్డ కప్పుతాం. ఆ గుడ్డకు అంచు మడిచి కుట్టదు ఆవిడ. పోగులు అలాగే వదిలేస్తుంది. మిగిలిన నీళ్లు ఎవరూ తొక్కని చోట పోస్తాం.

అంతే. చెప్పడానికి ఇంతే. చెయ్యి తిరగాలంటే నా పక్కన నిలబడాలి. ఎప్పుడొస్తున్నావు? సెలవు దొరక్కపోతే మీ మేడమ్‌తో నేను మాట్లాడతాను.

నీకోసం కొంగు బిగించి కూర్చున్న,
మీ అమ్మమ్మ


ఆగస్టు 2

అమ్మమ్మా,

ఆలస్యానికి క్షమించు. ఇక్కడ నిద్రపోవడానికి కూడా తీరిక లేదు. ముందు శుభవార్త. నా ఉద్యోగం పర్మనెంట్ అయింది! అది నీవల్లే.

నువ్వు రాయించిందంతా ఇంగ్లీషులో పెట్టి మేడమ్‌కి చదివి వినిపించాను. చెవి దగ్గర పేరు పిలవడం దగ్గరకొచ్చేసరికి ఆవిడ ఏడ్చేసింది. "ఎవరైనా నన్ను చెప్పి ముట్టుకుని ఎన్నేళ్లయిందో" అంది. ఆ వారంలోనే కింద ఒక గదికి రాతిపలక వేయించింది. ఇప్పుడు మా స్నానశాలలో అన్నింటికంటే పేరున్నది అదే. వచ్చినావిడ రాతిపలక మీద కళ్లు మూసుకుని పడుకుంటుంది. స్నానం చేయించే అమ్మాయి జుట్టు విప్పి, చెవిలో పేరు పిలిచి, చెప్పి, కుడిభుజంతో మొదలుపెడుతుంది. ఆఖర్న నూనె, అంచు కుట్టని తెల్లగుడ్డ. వారమంతా మోసిన అలసటకు వీడ్కోలు చెప్పడం అన్నమాట. పేరు "సేక్రెడ్ రిలీజ్ రిచువల్". పవిత్రమైన విడుదల అని మాస్టారు చెప్తారు.

పోయినవాళ్ల ప్రస్తావన ఎక్కడా రానివ్వలేదు, ఆ జాగ్రత్త తీసుకున్నాను. నువ్వు ఆ పని చేసేది పోయినవాళ్లకే అయినా, అందులో ఉన్న మెత్తదనం బతికున్నవాళ్లకు ఎందుకు దక్కకూడదు? ఆలోచించు.

దీంతో పాటు మా రంగుల కాగితం పంపుతున్నాను. అడుగున చిన్న అక్షరాల్లో "మా అమ్మమ్మకి" అని ఉంటుంది. మాస్టారిని చూపించమను.

గర్వంగా,
నీ పిట్ట


ఆగస్టు 9

ఉత్తరం మొదట్లో నిన్ను ఏమని పిలవాలో తెలియడం లేదు. పిలవను.

నీ రంగుల కాగితం వచ్చేసరికి దర్జీ ఆవిడ ఇక్కడే ఉంది. బొమ్మలో రాతి మీద ఒక పిల్ల జుట్టు విరబోసుకుని, కళ్లు మూసుకుని, పోగులు వేలాడే తెల్లగుడ్డ కప్పుకుని పడుకునుంది. ఆవిడ కాగితాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకుని, "అయ్యో, ఇంత చిన్న వయసులోనా! ఎవరమ్మాయి?" అంది. పోలేదు, డబ్బిచ్చి పడుకుంది అని చెప్పాను. ఆవిడ ఆ కాగితాన్ని కింద పెట్టి, చేతులు కడుక్కుని, వాళ్లింటికి వెళ్లిపోయింది. అప్పట్నుంచీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఆ రోజు మాస్టారి చేత రాయించమని నన్ను ఎగదోసింది ఆవిడే. ఆ మాట ఇద్దరం ఎత్తడం లేదు.

నాకు అన్నం సహించడం లేదు. కోపం అనుకుంటున్నావేమో. కోపమైతే రెండు రోజుల్లో చల్లారేది. ఇది అసహ్యం. చెయ్యి పాచి గోడకు తగిలినట్టుంది. ఎంత తుడుచుకున్నా ఇంకా ఉన్నట్టే ఉంది.

నన్ను ఆలోచించమన్నావు. ఆలోచించాను. బతికున్నదానికి నోరుంది. నీళ్లు చల్లగా ఉన్నాయని అరవగలదు, చెయ్యి తీసెయ్యి అనగలదు. దాన్ని చెప్పి ముట్టుకోవడం మర్యాద. పోయినదానికి నోరు లేదు. దాన్ని చెప్పి ముట్టుకోవడం మర్యాద కాదు, ఇంకేదో. దానికి పేరు నా దగ్గర లేదు, మీ ఇంగ్లీషులో అసలు లేదు. ఆ గదిలో నాకు ఏ పేరూ ఉండదు. నేను ఫలానావాళ్ల భార్యను కాను, ఫలానా ఇంటి పెద్దను కాను, చెంబు పట్టుకున్న చేతిని మాత్రమే. దానికి ఎవరూ కూలి ఇవ్వరు, నేను పుచ్చుకోను. అలాంటి దాన్ని పట్టుకుపోయి సబ్బుల పక్కన పెట్టావు.

నేను గ్యాస్ అయిపోతే దేవుడా అంటానట! అవునే, అంటాను. అప్పుడు నాకు ఆయనతో పనుంది కాబట్టి పిలుస్తాను. వస్తాడో రాడో ఆయనిష్టం. నువ్వు పిలవడం లేదు. ఆయన్ని డబ్బా మూతకు అతికించి కొట్లో నిలబెట్టావు. రెండూ ఒకటేనని అడుగుతోంది పెద్ద చదువు చదివిన పిల్ల!

నేను పొంగిపోయి కొంగు బిగించి కూర్చున్నాను. నువ్వొస్తావని మందిరంలో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

ఆ స్నానం ఆపించు. "మా అమ్మమ్మకి" అన్న మాట చెరిపించు. (ఆ తర్వాతి వాక్యాలను ఈసారి ఉన్నవి ఉన్నట్టు రాయమన్నారు. నా చెయ్యి రావడం లేదు. క్షమించాలి. — మాస్టారు)


ఆగస్టు 20

అమ్మమ్మా,

మొదటిసారి నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఏడ్చాక నాకూ కోపం వచ్చింది. నేను దొంగతనం చేసినట్టు రాశావు. అడిగాను, నువ్వు పంపావు. నేర్చుకోవడానికి వస్తానని నేనెప్పుడూ అనలేదు. అది నువ్వూ దర్జీ అత్తా కలిసి అనేసుకున్నారు.

అయినా నీ బాధ నాకు అర్థమైంది. నీ ఉత్తరాన్ని ఇంగ్లీషులో పెట్టి మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ చాలా మర్యాదగా మాట్లాడింది. ఎవరి మనసూ నొప్పించడం ఆవిడకు ఇష్టం లేదట. వెంటనే కాగితాలన్నీ మార్పించింది. ఇప్పుడు "సేక్రెడ్" లేదు, "రిచువల్" లేదు. "ఏన్షంట్" అని పెట్టారు, అంటే పురాతనమైన అని. "మా అమ్మమ్మకి" కూడా తీసేశారు. నువ్వు అడిగింది చాలావరకు జరిగినట్టే కదా?

ఇంకో సంగతి. దాస్తే తర్వాత తెలిసి ఇంకా తిడతావని చెప్తున్నాను. నీ ఉత్తరంలో ఒక వాక్యం మేడమ్‌కి బాగా నచ్చింది. "ఆ గదిలో నాకు ఏ పేరూ ఉండదు, చెంబు పట్టుకున్న చేతిని మాత్రమే." దాన్ని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయించి, స్నానాల గదికి వెళ్లే దారిలో గోడకు పెట్టించింది. నీ పేరు వెయ్యలేదు. గౌరవంతోనే చేసింది. అది చూసి చాలామంది ఆగి ఫోటో తీసుకుంటున్నారు.

తొందరపడి జవాబు రాయించకు.

పిట్ట


ఆగస్టు 27

పిట్టా,

తొందరపడలేదు. నాలుగు రోజులు ఆగాను.

మాటలు మార్చారు, చేతులు మార్చలేదు. పవిత్రం అన్నా పురాతనం అన్నా ఆ రాతి మీద అదే పిల్ల, అదే కుడిభుజం, అదే గుడ్డ. నేను ఆపమన్నది మాట కాదు. మాట దగ్గర మొదలైంది, అంతే. మడమల లేపనం మీద ఆ మాట చూసినరోజే నాకు తెలియాల్సింది. ఆ మాట అనడానికి నోరు వణకనివాళ్లకు, ఆ పని చెయ్యడానికి చెయ్యి వణకదు.

నేను మిమ్మల్ని తిట్టిన తిట్టు కూడా మీకు గోడకు బొమ్మయింది. ఇంక మీ మేడమ్‌ని ఏమని తిట్టను? ఉమ్మితే దాన్ని కూడా సీసాలో పట్టి అమ్మేట్టున్నారు.

దర్జీ ఆవిడ ఒక మాట అడగమంది. స్నానం చేయించే ఆ అమ్మాయి, చెవిలో పేరు పిలిచేటప్పుడు, ఆ పేరుని ఎక్కడ చూసి చదువుతుంది?

అమ్మమ్మ


అక్టోబరు 11

అమ్మమ్మా,

దర్జీ అత్త అడిగినదానికి జవాబు నాకు తెలుసు. మణికట్టుకు కాగితం పట్టీ కడతాం. దానిమీద రాసుంటుంది. అది రాయడానికి సిగ్గేసి ఇన్నాళ్లూ ఉత్తరం రాయలేదు.

ఇప్పుడు రాయక తప్పదు. పోయిన శనివారం ఒక పెద్దావిడ వచ్చింది. నీ వయసుంటుంది. పుట్టినరోజని కూతుళ్లిద్దరూ బహుమతిగా తీసుకొచ్చారు. కింద దాకా నేనే దింపాను. మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుని, "మీది ఏ ఊరమ్మా?" అని మన భాషలోనే అడిగింది. చెప్తే, "మా అక్కని ఆ పక్కకే ఇచ్చారు" అంది. ఈ స్నానం ఎవరికి చేయిస్తారో ఆవిడకు తెలిసే ఉంటుందని నాకప్పుడే తట్టింది. ఒక్క మాట చెప్పి పైకి తీసుకుపోవచ్చు. నేను చెప్పలేదు.

కూతుళ్లు బయట సోఫాలో కూర్చుని టీ తాగుతున్నారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. నీళ్ల చప్పుడు ఇంకా మొదలవలేదు. స్నానాలమ్మాయి పేరు పిలవడం వినబడింది. తర్వాత మన భాషలో, చాలా నెమ్మదిగా, ఆ పెద్దావిడ గొంతు. "అమ్మాయ్, నేనింకా ఉన్నానమ్మా."

అమ్మాయికి అర్థం కాలేదు. నేర్పిన ప్రకారం భుజం మీద నీళ్లు పోస్తున్నానని ఇంగ్లీషులో చెప్పి పోసేసింది. ఆవిడ కేక పెట్టింది. లేవబోయి తడిరాయి మీద జారింది. ఆ తెల్లగుడ్డ చుట్టుకునే మెట్లెక్కి, కొట్లోంచి వీధిలోకి వెళ్లిపోయింది. కూతుళ్లు వెనకాల పరిగెత్తారు. ఆవిడ వాళ్లని దగ్గరకు రానివ్వలేదు. "నేను పోయానని మీరే తీసుకొచ్చారా?" అని అడుగుతోంది. వాళ్లిద్దరికీ ఏమీ తెలియదు. వాళ్లు ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు. పెద్ద వీధిలో కాళ్లకు చెప్పులు లేకుండా, జుట్టు విరబోసుకుని, ఆ గుడ్డతో నిలబడిన ఆవిడని నేను జన్మలో మర్చిపోలేను.

మేడమ్ ఆవిడకు సబ్బుల బుట్ట పంపించింది. మణికట్టు పట్టీ మీద వయసు కూడా రాయాలని కొత్త నియమం పెట్టింది. స్నానం ఆపమన్నాను. కుదరదంది. గది చాలా రోజుల ముందే నిండిపోతోందట. నేను రాసింది చించెయ్యమన్నాను. అది స్నానశాల సొత్తు అంది.

ఉద్యోగం మానేశాను. కానీ స్నానం ఆగలేదు. ఇప్పుడు ఏం చెయ్యమంటావో చెప్పు. నువ్వేం చెప్పినా చేస్తాను. నాకూ తిండి సహించడం లేదు.

పిట్ట


అక్టోబరు 30

పిట్టా,

నీ ఉత్తరం దర్జీ ఆవిడని కూడా కూర్చోబెట్టుకుని మాస్టారి చేత చదివించాను. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశారు.

ఆ పెద్దావిడ ఇల్లు ఎక్కడో కనుక్కో. వెళ్లు. క్షమించమని అడగొద్దు, అది నీకు హాయిగా ఉండటానికి అడగడమే అవుతుంది. ఆ స్నానం వాళ్లకు రాసిచ్చింది నువ్వేనని చెప్పు. చెప్పి, ఆవిడ ఏమంటే అది నిలబడి పడు. నువ్వు చెయ్యాల్సింది అంతవరకే.

మేం చెయ్యాల్సింది మేం చేశాం. మందిరంలో ఆడవాళ్లందర్నీ పిలిచాం. నీ రంగుల కాగితం చూపించాను. ఒకావిడ దాన్ని బోర్లించి కింద పెట్టింది. ఇంకో ఆవిడ, "పెద్ద ఊళ్లో మనదానికి పేరొచ్చింది కదా" అని నవ్వబోయి, దర్జీ ఆవిడ మొహం చూసి మానుకుంది. మీ మేడమ్‌ని ఆపలేం. అది అందరికీ తెలుసు. అక్కడికి వెళ్లి అరిస్తే మా అరుపు కూడా గోడకు పెడుతుంది. "వదిలేద్దాం, వాళ్ల పాపాన వాళ్లే పోతారు" అన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. రేపు ఎవరింట్లోనో నేను వంగి కుడిభుజం మీద నీళ్లు పోస్తుంటే, ఆ రాతిపలక నా కళ్లముందుకు వస్తుంది. వాళ్లు చేసేది నేనూ చేస్తున్నట్టుంటుంది. అంత ఎంగిలైనదాన్ని పోయినవాళ్లకు ఎలా పెట్టను?

అందుకని మార్చేశాం.

మా అత్తగారు, ఆవిడ అత్తగారు, వాళ్లకి ముందున్న వాళ్లందరూ చేసిన వరసని మేం ఇద్దరం కూర్చుని మార్చేశాం. కుడిభుజం వదిలేశాం. గుడ్డ వదిలేశాం. అరికాళ్ల నూనె కూడా వదిలేశాం. దర్జీ ఆవిడ ఒక్కొక్కటే "ఇదీ వాళ్ల దగ్గరుంది" అంటుంటే, నేను ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాను. మా వాళ్లెవరైనా పైనుంచి చూస్తుంటే నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోనీ. ఇప్పుడు మీ మేడమ్ దగ్గర మిగిలింది వేణ్ణీళ్లూ, ఒక రాయీ. ఎన్ని మాటలు కావాలంటే అన్ని అతికించుకోమను. అది ఇంక మాది కాదు.

మొన్న మందిరం వెనక వీధిలో పాలబూత్ ఆవిడ పోయింది. కిటికీలు మూసి, ఇద్దరం లోపలికెళ్లాం. చెంబు ముంచాను. చెయ్యి నా మాట వినలేదే! అలవాటున కుడిభుజం మీదికే పోయింది. దర్జీ ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఇవతలకు లాగింది. ఇద్దరం అలాగే నిలబడిపోయాం, చెంబులోంచి నీళ్లు మా కాళ్ల మీద కారుతూ. ఇన్నేళ్లలో ఆ గదిలో నేను ఏడవడం అదే మొదలు. ఏడ్చింది పోయినావిడ కోసం కాదు, నా చేతి కోసం.

పేరు పిలవడం దగ్గర మాత్రం మేం ఇద్దరం పోట్లాడుకున్నాం. అదీ వాళ్ల దగ్గరుంది కాబట్టి వదిలెయ్యాలంది దర్జీ ఆవిడ. పిలవకపోతే తనతో మాట్లాడుతున్నామని ఆవిడకెలా తెలుస్తుంది అన్నాను నేను. చివరికి ఒకటి అనుకున్నాం, అదే చేశాం. పాలబూత్ ఆవిడ మొహం ప్రశాంతంగా ఉంది.

ఏం చేశామో నీకు రాయను. మాస్టారికీ చెప్పలేదు, ఆయనా అడగలేదు. అది కాగితం మీదికి ఎక్కదు, ఏ భాషలోనూ.

నీమీద అసహ్యం ఇంకా పోలేదు. పోయినప్పుడు చెప్తాను. ఈలోగా ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లు.

అమ్మమ్మ